లాకు విరిచిన క్యాసెట్లు

"నా పాటను ఎత్తుకపోయింది మీరు. నా పాటను నా బిడ్డ నెట్ల పెట్టుకుంటే దాన్ని జైల్ల ఏసింది మీరు. నిన్న ధర్మన్నను పొగల ఊపిరాడకుంట సంపింది గూడ మీరే. మళ్ల మమ్ముల దొంగలంటరు. నా మొకం దిక్కు సూసి చెప్పు భరద్వాజూ, ఎవలు దొంగలు?"

కావేరి ఈ మాటలు గట్టిగా అనలేదు. గొంతు ఆపరేషనయ్యాక ఆమెకు మిగిలింది ఊపిరితో కలిసిన గరగర ఒక్కటే. ఒకప్పుడు ఆ గొంతు కోసం కూలీల గుడిసెల్లో జనం అన్నం చల్లారబెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఆమె మాట వినాలంటే దగ్గరికి వంగాలి. భరద్వాజ్ వంగలేదు.

"ఆంటీజీ, మీ దుఃఖం నాకు సమఝ్ అవుతుంది. లేకిన్ ఇది క్రైమ్ సీన్. మీరు బయట కూర్చోండి, ప్లీజ్."

"క్రైమ్ సీనా?" సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికొస్తూ ఛాయాదేవి అడిగింది. "పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్ళిపోయారు. నేరమని మీకెవరు చెప్పారు భరద్వాజ్ గారూ?"

భరద్వాజ్ ఆమెను చూసి మొహం మాడ్చుకున్నాడు. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగువాడు. పోలీసు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వదిలి నాదరేఖ ఆడియో కంపెనీలో పైరసీ నిరోధక విభాగం అధికారి అయ్యాడు. ద్వారకలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుకునే ఛాయాదేవి ఇదివరకు రెండు కేసుల్లో అతని పరువు తీసింది.

"మాట జారింది. యాక్సిడెంటే. ముసలాయనకి ఆస్తమా. కోర్టులో దొరికిపోతానని భయపడి, దొంగ టేపులన్నీ ఇక్కడ కాల్చేశాడు. పొగ పట్టేసింది. ఖతమ్. మిగిలిన సరుకు సీజ్ చెయ్యడానికి నా దగ్గర ఆర్డర్ ఉంది."

"చేసుకోండి. నేను చూశాక."

"మీకేం హక్కుంది మేడమ్?"

"ఈ గోడౌను అద్దెకిచ్చిన మనిషి చూడమన్నాడు. మీ ఆర్డరులో సరుకు గురించి రాశారు, గది గురించి కాదు. కావాలంటే మళ్ళీ చదువుకోండి."

అతను చదువుకోలేదు. కుర్చీ లాక్కుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

సంగతి ఇది. కావేరి పాలమూరు నుంచి మేస్త్రీ వెంట ఢిల్లీకి కూలికొచ్చిన మనిషి. పునాదులు తవ్వింది, ఇటుకలు మోసింది, రాత్రిళ్ళు గుడిసెల ముందు పాటలు కట్టి పాడింది. 'ఇటుక మీద ఇటుక పేర్చి ఇల్లు గట్టినమే, ఇంటికొచ్చె తొవ్వ మాత్రం మరిచిపోయినమే' అన్న పాట ఆమెది. ఆ గుడిసెల్లో రేడియోలు బాగుచేసే ధర్మయ్య దాన్ని టేపు మీదకెక్కించాడు, కాపీలు తీశాడు, భాగస్వామి సదాశివరావుతో కలిసి కూలీల అడ్డాలన్నిటా అమ్మాడు. ఇన్నేళ్ళ తరవాత ఆ పాటకి నాదరేఖ డప్పులు, గిటార్లు తగిలించి వదిలింది. జనం దానికి చిందులేశారు. కావేరి కూతురు వైశాలి, స్కూల్లో సంగీతం టీచరు, తన తల్లి పాత పాటని తల్లి పేరుతో నెట్‌లో పెట్టింది. కంపెనీ తీయించింది. వైశాలి మళ్ళీ పెట్టింది. కంపెనీ కేసు పెట్టింది: ఇది మా స్టూడియోలో మేం రికార్డు చేసిన పాట, ఈ పిల్లా ఆ ధర్మయ్యా కలిసి పైరసీ ముఠా నడుపుతున్నారు. వైశాలిని లోపలేశారు. ఆమె లాయరు ఛాయాదేవి సాయం అడిగాడు. రేపు బెయిలు విచారణ. రికార్డు చేసింది నేనే, ఇదిగో అసలు టేపు అని కోర్టులో నిలబడి చెప్పగలిగిన మనిషి ధర్మయ్య ఒక్కడే. వస్తానని కావేరికి మాటిచ్చాడు.

నిన్న సాయంత్రం ఘాజియాబాద్‌లోని ఈ గోడౌనులో శవమై దొరికాడు.

ఛాయాదేవి ముందు నేల చూసింది. మధ్యలో ఇనప తట్ట. అందులో కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్. పైకప్పు నిండా మసి. గోడ పొడుగునా చెక్క అరలు, వాటిలో వరసగా క్యాసెట్లు. అరలకు మంట తగల్లేదు. పొగ మాత్రమే తగిలింది.

పుల్లతో తట్టలోని గడ్డని పెళ్ళగించింది. "టేపులన్నీ కాల్చేశాడన్నారు కదా. ఇక్కడ కాలింది పది క్యాసెట్లు కూడా ఉండవు. అరల్లో వందలున్నాయి. దొరికిపోతానని భయపడ్డవాడు పది కాల్చి వందలు మీకోసం ఉంచుతాడా?"

"ఆ పదికే పొగ పట్టేసింది, పడిపోయాడు. సింపుల్."

"ఎక్కడ పడ్డాడు?"

పోలీసులు తీసిన ఫొటో ఛాయాదేవి ఫోనులో ఉంది. ఆమె దాన్ని భరద్వాజ్ మొహం ముందు పెట్టింది. ధర్మయ్య తట్ట దగ్గర పడలేదు. దూరంగా, నడిమి అర ముందు, మోకాళ్ళ మీద ఒరిగిపోయి ఉన్నాడు. కుడిచెయ్యి భుజం దాకా అరలోకి దూరి ఉంది.

"కాళ్ళకేముంది?"

"చెప్పులు. తో క్యా? అయితే ఏంటి?"

"కావేరమ్మా, ధర్మయ్య ఈ గదిలోకి చెప్పులేసుకుని వచ్చేవాడా?"

బయట గట్టు మీద కూర్చున్న కావేరి తల అడ్డంగా ఊపింది. "ధర్మన్ననా? దేవుని అర్రలకన్న పోతడేమో చెప్పులతోని, ఈ అర్రలకు రాడు. దుమ్ము వడ్తే టేపు అరుగుతదనేటోడు. నన్నే బయట ఇడువమని ఎన్నిసార్లు తిట్టిండో."

"ముప్పై ఏళ్ళకు పైగా ఒక్కసారి కూడా చెప్పులతో రాని మనిషి, టేపులు కాల్చుకోవడానికి తాపీగా చెప్పులేసుకొచ్చాడన్న మాట," అంది ఛాయాదేవి. "మార్చురీలో అతని వస్తువులు చూశాను భరద్వాజ్ గారూ. చొక్కా జేబులో ఇన్‌హేలరు ఉంది. కొత్తది. డబ్బా సీలు కూడా తీయలేదు. ఇక్కడే కూర్చుని నిప్పు పెట్టుకున్న ఆస్తమా మనిషి ఊపిరాడకపోతే మొదట ఏం చేస్తాడు? ఆ డబ్బా చింపుతాడు. ఇతను చింపలేదు. ఎందుకంటే రెండు చేతులకీ వేరే పనుంది. ఇతను నిప్పు పెట్టలేదు. మందు కొనుక్కుని బయటి నుంచి వచ్చాడు. పొగ చూశాడు. షట్టర్ ఎత్తి, చెప్పులు విడవడం కూడా మరిచిపోయి లోపలికి ఉరికాడు. ఊపిరికన్నా ముందు ఒక వస్తువు కోసం వెతికాడు. వెతుకుతూనే పోయాడు."

గుమ్మం దగ్గర కావేరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అచ్ఛీ కహానీ హై, కథ బాగా అల్లారు," అన్నాడు భరద్వాజ్, కానీ కాలు మీద కాలు తీసేశాడు. "ఏం వెతికాడట?"

ఛాయాదేవి అరల దగ్గరికెళ్ళింది. ఒక్కొక్క క్యాసెట్టూ తీసి పై అంచు చూసి పెట్టేసింది. పై అర, కింది అర, పక్క అర. చూస్తున్నకొద్దీ ఆమె నొసలు ముడిపడింది. నడిమి అరలో జానెడు మేర ఖాళీ. ఆ ఖాళీలో మసి లేదు, దుమ్ము లేదు. శుభ్రమైన చెక్క. చుట్టూ అంతా నలుపు.

"ఇక్కడున్నవి పొగకి ముందే పోయాయా, తరవాతా?"

"నాకేం తెలుసు?"

"ముందు తీసుంటే ఈ చెక్కకి కూడా మసి పట్టాలి కదా అనిపిస్తుంది. కానీ వెతికిన చెయ్యి పట్టిన మసిని తుడిచేసింది, ఆ తరవాత ఇతని ఒళ్ళు అడ్డం పడి మళ్ళీ పట్టనివ్వలేదు. అంటే ఇతను చెయ్యి పెట్టేసరికే ఇది ఖాళీ. ఎత్తుకెళ్ళాకే నిప్పు పెట్టారు." ఆమె ఒక క్యాసెట్టు తీసి అతనికి చూపించింది. "ఇది మీ కుర్రాళ్ళ పనేమో అనుకున్నాను ముందు. కాదు. చూడండి. క్యాసెట్టు పై అంచున ఇటూ అటూ రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. లాకు అనేవాళ్ళం. దాన్ని విరగ్గొడితే ఆ క్యాసెట్టు మీద ఇంకేమీ రికార్డవ్వదు. పొరపాటున బటను నొక్కినా చెరిగిపోదు. కాపీలు తీసేవాడు ఏ క్యాసెట్టు లాకు విరుస్తాడు? అసలుది. తల్లి టేపు. కాపీలకి విరవడు, అమ్ముడుపోకపోతే చెరిపి మళ్ళీ వాడుకోవాలి కాబట్టి. ఇక్కడ మిగిలిన వాటిలో లాకు విరిచింది ఒక్కటి లేదు. ఒక్కటి కూడా. ఇన్నేళ్ళు ఈ పని చేసినవాడి దగ్గర ఒక్క అసలు టేపు లేకపోవడమేంటి? ఎవరో వచ్చి, పైన చీటీలు కూడా చదవకుండా, అంచులు తడిమి, లాకు విరిచినవి మాత్రం ఏరుకుపోయారు. మీ ఆఫీసు కుర్రాళ్ళు క్యాసెట్టు చేత్తో పట్టుకుని ఎరగరు. వాళ్ళయితే అందంగా అచ్చేసినవి పట్టుకెళ్ళేవాళ్ళు."

"అయితే మా మీద అనుమానం పోయింది కదా. థాంక్యూ."

"తొందరపడకండి. ఇంకోటుంది."

బల్ల మీద ధర్మయ్య పాత టేపు డెక్కులు రెండున్నాయి, ఒకటి పాడేది, ఒకటి కాపీ తీసేది. ఛాయాదేవి పాడేదాని అడుగు మూత తీసింది. మోటారు చక్రం మీద నల్ల ఇన్సులేషన్ టేపు దట్టంగా చుట్టి ఉంది. చక్రం లావైతే పాడే టేపు వడిగా తిరుగుతుంది. వడిగా తిరిగితే పాట తొందరగా అయిపోతుంది, ఖాళీ టేపు తక్కువ పడుతుంది. కాపీ గాళ్ళ పొదుపు అది. నష్టం ఒకటే: పాడినవాళ్ళ గొంతు సన్నబడుతుంది, పెద్దవాళ్ళు పిల్లల్లా వినిపిస్తారు.

ఆమె అరలోంచి కావేరి పాట కాపీ ఒకటి తీసి, తన సంచిలోని బ్యాటరీ టేప్ రికార్డరులో పెట్టింది. ఫోనులో నాదరేఖ వదిలిన పాట తెరిచింది. గిటార్లు లేని చోట, గొంతు మాత్రమే వినబడే చరణం దగ్గర రెండూ ఒకేసారి మొదలుపెట్టింది. రెండు గొంతులూ పక్కపక్కన నడిచాయి. చివరి దాకా ఒకదాన్నొకటి దాటలేదు. రెండూ పిల్ల గొంతులే.

"గిదే నేను మొదట్నించి మొత్తుకుంటున్న," అంది కావేరి గుమ్మంలోంచి. "గది నా గొంతు గాదు. పదేండ్ల పొల్ల గొంతు లెక్కుంది. నా గొంతు బొంగురుది. మందల నిలవడి పాడితె ఆకిరి మనిషికి ఇనవడేది."

"మీ స్టూడియోలో మీరు రికార్డు చేసిన అసలు పాట కదండీ ఇది?" ఛాయాదేవి భరద్వాజ్ మీదకి వంగింది. "మీ స్టూడియో మోటారుకి కూడా ధర్మయ్యే టేపు చుట్టాడా? మీ దగ్గర అసలు టేపు ఎప్పుడూ లేదు. మీ దగ్గరున్నది అడ్డాల్లో అమ్మిన దొంగకాపీ. దొంగ దగ్గర దొంగిలించి, పాడిన మనిషి కూతుర్ని దొంగని చేశారు."

భరద్వాజ్ లేచాడు. "మేడమ్, ఆ ముసలాయన సాధువు కాదు. సినిమా పాటలు వేల కాపీలు కొట్టి అమ్మాడు. ఎంతమంది మ్యూజిషియన్స్ పొట్ట కొట్టాడో తెలుసా? నేను అతన్ని రెండుసార్లు పట్టుకున్నా."

"తెలుసు. పట్టుకున్నారు, శిక్ష పడింది, అనుభవించాడు. మీవాళ్ళని ఎవరు పట్టుకున్నారు?"

అతను బయటున్న తన మనుషులకి సరుకు కట్టమని సైగ చేశాడు. ఈ దేశంలో పాటల దొంగతనం చరిత్ర రాస్తే మొదటి పేజీలో ధర్మయ్య లాంటివాళ్ళ ఫొటో వేస్తారు. అది సగం చరిత్ర. గల్ఫ్ నుంచి రేడియో, టేపు రికార్డరు కలిసిన టూ-ఇన్-వన్‌లు పెట్టెల్లో దిగిన రోజుల్లో, రికార్డు ప్లేయరు కొనలేనివాడి ఇంట్లోకి పాట వచ్చింది క్యాసెట్టుతోనే, అందులోనూ దొంగ క్యాసెట్టుతోనే. తరవాత ఒక్క డిస్కులో వంద పాటలు కుక్కి ఫుట్‌పాత్ మీద పోశారు. తరవాత మొబైల్ షాపుల్లో మెమరీ కార్డులు నింపారు. తరవాత నెట్. ప్రతిసారీ లాఠీ విరిగింది ఫుట్‌పాత్ మీదే. అదే కాలంలో ఏసీ గదుల్లో ఇంకో దొంగతనం నడిచింది. నాట్లలో, పనిచోట్ల, పెళ్ళిలో, చావులో జనం కట్టుకున్న పాటలు పట్టుకొచ్చి, పాడినవాళ్ళ పేరుండాల్సిన చోట 'సంప్రదాయం' అని ఒక్క ముక్క రాసి, హక్కులన్నీ మావే అని అచ్చేసుకున్నారు. ఆ గదుల మీద ఒక్క దాడి జరగలేదు. ఒక్క రోజు కూడా.

భరద్వాజ్ మనుషులు అరల్లో మిగిలిన సరుకు మూటలు కట్టడం మొదలుపెట్టారు. ఛాయాదేవి తను వినిపించిన కాపీని వాళ్ళ కళ్ళ ముందే సంచిలో వేసుకుని బయటికొచ్చి, పక్కనున్న వెల్డింగ్ షాపు మనిషిని పలకరించింది.

"భయ్యా, నిన్న మధ్యాహ్నం ధర్మయ్య దగ్గరికెవరైనా వచ్చారా?"

"ఏక్ బుజుర్గ్ ఆయే థే, దీదీ," అన్నాడతను. "దోనో గానా సున్ రహే థే. బహుత్ హస్ రహే థే." ఎవరో పెద్దాయన వచ్చాడు, ఇద్దరూ పాట వింటూ తెగ నవ్వుకున్నారు. ధర్మయ్య అంతగా నవ్వడం ఈ మధ్య తను చూడలేదన్నాడు. తరవాత షట్టర్ ఎవరు దించారో, ఎప్పుడు దించారో తెలీదు, మిషన్ చప్పుడులో ఉన్నాడు.

దాడులు మొదలయ్యాక ధర్మయ్య ఎవరికీ తలుపు తీయడం మానేశాడు. ఆ తలుపు తీయించుకుని, లోపల కూర్చుని, అతన్ని నవ్వించగలిగినవాడు. అంచు తడిమి అసలు టేపు పోల్చుకోగలిగినవాడు.

"కావేరమ్మా, సదాశివరావు ఎక్కడుంటాడు?"

కావేరి ఆమె మొహంలోకి చూసింది. "గాయనెందుకు చేస్తడు బిడ్డా," అంది. "ఇద్దరు ఒక్క కంచంల తిన్నోళ్లు."

*

సదాశివరావుది ద్వారకలో మూడో అంతస్తు ఫ్లాటు. ఒకప్పుడు ధర్మయ్య కాపీలు తీస్తే, సంచి భుజాన వేసుకుని తిరిగి అమ్మిన భాగస్వామి. తరవాత నాదరేఖలో చేరి, పాటలు సేకరించే అధికారిగా రిటైరయ్యాడు. కావేరి పాటని కంపెనీ స్టూడియోలో తనే దగ్గరుండి రికార్డు చేయించానని కోర్టుకి ప్రమాణపత్రం ఇచ్చినవాడు కూడా అతనే.

తలుపు తీసి, ఛాయాదేవి వెనక కావేరిని చూడగానే అతను పక్కకి తప్పుకున్నాడు. రమ్మనలేదు, వద్దనలేదు.

"ధర్మయ్య సంగతి విన్నానమ్మా," అన్నాడు సోఫాలో కూర్చుంటూ. "పాపం. వాడికి ఉబ్బసం ఉంది కదా. అసలే ఆ మసి గది."

"మీరు ఆయన్ని చూసి ఎంతకాలమైందండీ?"

"అబ్బో. కంపెనీలో చేరాక మా దారులు వేరైపోయాయి. నాకు ఆ టేపుల గోలే మరుపొచ్చేసింది. క్యాసెట్టు చేత్తో పట్టుకుని ఇరవై ఏళ్ళ పైమాటే."

"అయితే మరేం సాయం చేయలేరు." ఛాయాదేవి సంచిలోంచి క్యాసెట్టు తీసి మాటవరసకన్నట్టు అందించింది. "గోడౌనులో దొరికింది. కావేరమ్మ పాటే. ఇది మీ కాలందేనా?"

అతను అందుకున్నాడు. చీటీ చూడలేదు. బొటనవేలు తనంతట తానే పై అంచుకి పోయింది. కుడి పలక తడిమింది, ఎడమ పలక తడిమింది. రెండూ ఉన్నాయి. "ఇది కాపీయే," అనేశాడు.

అని, ఆమె కళ్ళల్లోకి చూశాడు. క్యాసెట్టు టీపాయ్ మీద పెట్టేసి చేతులు ఒళ్ళో దాచుకున్నాడు.

"ఆ కాలం వాళ్ళందరికీ తెలిసిందే కదమ్మా, ఈ లాకు సంగతి."

"తెలుసు. నాకూ తెలుసు. కానీ ధర్మయ్య నాకు తలుపు తీయలేదండీ, రెండుసార్లు వెళ్ళినా. మీకు తీశాడు. నవ్వుకుంటూ పాట విన్నారు. పక్క షాపు మనిషి విన్నాడు. మిమ్మల్ని చూపిస్తే పోల్చుకుంటాడు." ఛాయాదేవి గొంతు పెంచలేదు. "ఆయనెలా పోయాడో మీకు కంపెనీ ఏం చెప్పింది?"

"నిద్రలో ఉబ్బసమొచ్చిందని."

"అబద్ధం. మీరు పెట్టిన పొగలో పోయాడు."

"లేదు. వాడు లేడక్కడ." సదాశివరావు లేవబోయి కూలబడ్డాడు. "మందు అయిపోయిందిరా, కొనుక్కొస్తా, నువ్వు వింటూ కూర్చో అని వెళ్ళాడు. గది నా చేతిలో పెట్టి వెళ్ళాడు. లాకు విరిచినవన్నీ సంచిలో వేసుకున్నాను. రేపు కోర్టులో ఆ టేపు బయటపడితే నా సంతకం అబద్ధమైపోతుంది. ఈ వయసులో నేను జైలుకెళ్ళలేనమ్మా. వాడు భయపడి కాల్చేశాడని అందరూ అనుకోవాలని నాలుగు పాతవి తట్టలో వేసి అంటించాను. పొగ సందులోకి రాకుండా షట్టర్ దించాను. వాడు మందు కొనుక్కుని వచ్చేసరికి ఆరిపోతుంది, తిట్టుకుంటాడు, అంతే అనుకున్నాను. వాడు లేడక్కడ."

"తిరిగొచ్చాడు. మీరు వెళ్ళిన కాసేపటికే." ఛాయాదేవి ఫోనులో ఫొటో తెరిచి అతని ముందు పెట్టింది. "కాళ్ళకి చెప్పులు చూడండి. జేబులో మందుంది, విప్పుకోలేదు. చెయ్యి ఎక్కడుందో చూడండి. మీ సంచిలో ఉన్న టేపు కోసం ఆ పొగలో వెతికాడు."

అతను ఫొటోని చూడలేకపోయాడు. చూడకుండానూ ఉండలేకపోయాడు. కళ్ళజోడు తీసి టీపాయ్ మీద పెట్టాడు. దాంతో ఆ మొహం హఠాత్తుగా ఎవరిదో అనాథది అయిపోయింది. ఏడుపు రాలేదు.

కావేరి అప్పటిదాకా గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. సోఫాలో కూర్చోలేదు. "సదాశివన్నా," అంది మెల్లగా. "నువ్వు సంపాల్నని సంపలె. గది నాకెర్క. గని నా బిడ్డ లోపలున్నది. గా టేపు యాడుంది?"

"నా దగ్గర లేదు తల్లీ. రాత్రే భరద్వాజ్‌కి ఇచ్చేశాను."

"ఆయనెక్కడ పెట్టాడు?" ఛాయాదేవి ముందుకు వంగింది.

"ఈ సాయంత్రం నాలుగింటికి నోయిడాలో కంపెనీ యార్డులో పత్రికల వాళ్ళని పిలిచారు. దాడుల్లో పట్టుకున్న డిస్కులూ క్యాసెట్లూ గుట్టపోసి రోడ్డు రోలరుతో తొక్కిస్తారు. ఏటా చేసేదే. కోర్టు అనుమతి ఉన్న గుట్ట. మన సంచి అందులో కలిపేస్తే ఇంకెవరూ అడగరన్నాడు."

గోడ గడియారం మూడూ నలభై దాటింది. ద్వారక నుంచి నోయిడాకి ఈ వేళ కారులో ఎలా పోయినా గంటన్నర.

ఛాయాదేవి ఫోను చేతిలోకి తీసుకుంటుండగా సదాశివరావు మళ్ళీ మాట్లాడాడు. ఈసారి ఆమెతో కాదు. "కావేరమ్మా. నిన్న మేమిద్దరం అదే విన్నాం. అసలు టేపు. కాపీల్లో ధర్మయ్య మొదటి ముక్క కత్తిరించేవాడు, అందుకే అది ఎవరూ వినలేదు. పాటకి ముందు ఒక మగమనిషి మాట్లాడతాడు. మీ ఆయన."

కావేరి భర్త ఆ పాట రికార్డు చేసిన నెల తిరక్కుండానే గోడ కూలి మీద పడి చనిపోయాడు. అతని ఫొటో ఒకటి కూడా లేదు. ఎలా ఉండేవాడో కూతురికి మాటల్లో చెప్పి చెప్పి, ఆ మాటలు కూడా అరిగిపోయాయి.

"ఏమన్నడు?"

"మమ్మల్ని నవ్వించింది అదే. ధర్మయ్య రికార్డరు పెట్టి, కానీ కానీ అని తొందరపెడుతున్నాడు. మీ ఆయన కసిరాడు వాణ్ణి. తరవాత నీతో అన్నాడు." సదాశివరావు ఆ యాసని ఉన్నదున్నట్టు తెచ్చుకోడానికి ప్రయత్నిస్తూ చెప్పాడు. "'జర మెల్లగ పాడు, బిడ్డ లేస్తది.' అని. వెనకాల పసిపిల్ల మూలుగు వినిపిస్తుంది. వైశాలే."

కావేరి రెండు అరచేతులూ నేల మీద ఆనించింది. పడిపోకుండా పట్టుకున్నట్టు. "మెల్లగ పాడు," అంది లోలోపల. "అవు. అన్నడు. అన్నడు. నేనెట్ల మరిచిన."

తల ఎత్తలేదు.

ఛాయాదేవి ఫోనులోంచి ఏదో పంపించి, భరద్వాజ్ నంబరు నొక్కింది. మూడోసారికి ఎత్తాడు. వెనక జనం గోల, మైకు సరిచేస్తున్న చప్పుడు, వాటి కింద బరువైన ఇంజను గురగుర.

"ఛాయా జీ, నేను ప్రోగ్రామ్‌లో ఉన్నా. బాద్ మే."

"తరవాత లేదు. సదాశివరావు నా ఎదురుగా ఉన్నాడు. టేపులు తీసింది, నిప్పు పెట్టింది, సంచి నీకిచ్చింది, అంతా చెప్పాడు. ఈ గదిలో కాలు పెట్టినప్పటి నుంచీ నా ఫోనులో రికార్డయింది. వైశాలి లాయరుకి ఇప్పుడే పంపించాను. ఇంతవరకూ నువ్వు చేసింది దొంగసరుకు దాచడం. ఇది విన్నాక కూడా రోలరు కదిలితే, తెలిసి తెలిసి సాక్ష్యం చెరపడం. అక్కడ నీ చుట్టూ కెమెరాలున్నాయి."

అటువైపు ఇంజను చప్పుడు పెరిగింది. ఎవరో హిందీలో "చలూఁ సాబ్?" అని అడుగుతున్నారు, నడపమంటారా అని.

"సదాశివరావు గారూ, లేవండి. స్టేషనుకి వస్తున్నారు, ఇదే ముక్క అక్కడ చెబుతున్నారు," అని ఛాయాదేవి ఫోను మళ్ళీ నోటికి దగ్గరగా పెట్టుకుంది. "విను భరద్వాజ్. ముందు ఇంజను తాళం తీసి నీ జేబులో వేసుకో. ఆ గుట్ట మీద చక్రం పడకూడదు, అంచుకి కూడా తగలకూడదు. ఆ సంచి నీ చేత్తో తీసి, కెమెరాల ముందు సీలు వేయించి, రేపు పొద్దున కోర్టులో పెట్టాలి. పాడినామె పేరు ఆ పాట మీద రాయాలి. ఆ పిల్లని వదలాలి. ఇక ఆ గుట్టలో ఇంకా ఎంతమంది తల్లుల గొంతులున్నాయో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒక్కొక్క క్యాసెట్టూ పెట్టి వినాలి. ఎవరిదో తెలుసుకోవాలి. వాళ్ళది వాళ్ళకివ్వాలి. అది అయ్యేదాకా ఒక్కటి కూడా తొక్కించడానికి వీల్లేదు. ఆపు. ముందు ఆ రోలరు ఆపు."